నూట పద్నాలుగో వద్దు

మా పల్లిపూడి పురపాలక సంఘంలో రోము నగరం జూన్ పదో తారీఖు, సోమవారం, ఉదయం పదకొండు గంటలకి ప్రారంభమైంది. ఆ సమయానికి నేను కమిషనరు గారి గది బయట అర్జీ పట్టుకుని నిలబడి ఉన్నాను కనక ఈ విషయంలో నాకు పొరపాటు లేదు.

అర్జీ చిన్నది. మా మునిసిపల్ హైస్కూలు గేటు ముందు ఒక స్పీడ్ బ్రేకర్ వెయ్యమని. ఆ రోడ్డున ఇసక లారీలు వెళతాయి. బడి వదిలే వేళకి మరీ జోరుగా వెళతాయి. అది నా పదకొండో అర్జీ. నేను అక్కడ సోషల్ మాస్టర్ని. నా భార్య విశాలాక్షి అదే బడిలో లెక్కల టీచరు. కిందటేడు ఫిబ్రవరి ఆరో తారీఖున, సాయంత్రం నాలుగూ ఇరవైకి, ఆవిడ గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. అవతలి పక్కకి చేరలేదు. దీని గురించి ఇంతకంటే రాయను. రాయవలసింది రోము గురించి.

కమిషనరు త్రివిక్రమరావు గారు అంతకు ముందురోజే ఇటలీ నుంచి వచ్చారు. వెళ్ళింది చెత్త పారెయ్యడం ఎలాగో నేర్చుకోవడానికి, పన్నెండు రోజుల అధ్యయన యాత్ర. అక్కడి గైడు మాత్రం చెత్త ఊసెత్తకుండా, ఒక విరిగిన స్తంభం దగ్గర అందరినీ నిలబెట్టి, ట్రిబ్యూన్లని పూర్వం ఉండేవారంటూ పావుగంట మాట్లాడాడట. ఆ పావుగంటలో త్రివిక్రమరావు గారు వేరే మనిషి అయిపోయారు.

నన్ను చూడగానే ఆయన కుర్చీలోంచి లేచారు. పదకొండు అర్జీల్లో ఎన్నడూ లేవలేదు.

"మీరు సోషల్ కదండీ మాస్టారూ? రోము తెలుసా?"

"తొమ్మిదో తరగతిలో మూడు పేరాలు ఉందండి."

"మూడు పేరాలు! మా మేనేజరు గారికి ఒక్క పేరా కూడా తెలియదు. కూర్చోండి. ట్రిబ్యూన్ల గురించి చెప్పండి."

నేను అర్జీ బల్ల మీద పెట్టి చెప్పాను. పాఠం చెప్పమంటే చెప్పడం నాకు అలవాటు. పూర్వం రోములో పెద్ద కుటుంబాల వాళ్ళే సభలో కూర్చుని అన్నీ నిర్ణయించేవారని, విసిగిపోయిన మామూలు జనం ఒకరోజు పనులన్నీ వదిలేసి, ఊరు దాటి ఒక కొండ మీదికి వెళ్ళి కూర్చున్నారని, రొట్టె కాల్చేవాడు, గోడ కట్టేవాడు, యుద్ధానికి వెళ్ళేవాడు లేక పెద్దలు దిగివచ్చారని చెప్పాను. అప్పుడు జనం తమ మనుషుల్ని తామే ఎన్నుకున్నారు. వాళ్ళే ట్రిబ్యూన్లు. వాళ్ళకి ఏదీ చేయించే అధికారం లేదు. ఆపే అధికారం ఉంది. సభ ఏం నిర్ణయించినా ఒక్క ట్రిబ్యూన్ "వద్దు" అంటే ఆగిపోవలసిందే. వాళ్ళ ఒంటి మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. వేస్తే మరణశిక్ష. వాళ్ళ ఇంటి తలుపు ఎప్పుడూ తెరిచి ఉండాలి. మొదట్లో వాళ్ళని సభ లోపలికి రానివ్వలేదు. గుమ్మం బయట బల్ల వేసుకుని కూర్చుని వినేవారు.

మేనేజరు ఉమామహేశ్వరం గారు గోడవారన నిలబడి గబగబా రాసుకుంటున్నారు. ఆయనకి చరిత్ర మీద ఇంత ఆసక్తి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. నేను పాఠం చెప్పాననుకున్నాను. ఆయన ఉత్తర్వు రాసుకున్నారు.

మూడోరోజుకి నోటీసు బోర్డు మీద అది కనిపించింది.

"పురాతన రోమక పరిపాలనా సంప్రదాయమును అనుసరించి, పల్లిపూడి పురపాలక సంఘ పరిధిలో జనరక్షకులు అను పేర ఇరువురు ప్రతినిధులు ఎన్నుకొనబడుదురు. సదరు జనరక్షకులు సభామందిరము వెలుపల బల్లపై ఆసీనులై, అంగీకరింపదగని తీర్మానములను 'వద్దు' అను పదముచే నిలుపుదల చేయుదురు. సదరు వారి గృహద్వారములు సర్వకాలములందు తెరచి ఉంచబడవలెను. సదరు వారిని ఎవ్వరును ముట్టరాదు. చారిత్రక సలహాదారు: హైస్కూలు సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు."

ముట్టినవారికి ఏం శిక్ష అన్నచోట కొంత ఖాళీ వదిలారు. రోములో అయితే కొండ మీంచి తోసేసేవారు. మా ఊళ్ళో కొండ లేదు. ఎత్తయినది మంచినీళ్ళ ట్యాంకు ఒక్కటే. దాని మీద నుంచి తొయ్యాలంటే నీటి సరఫరా విభాగం అనుమతి కావాలని ఇంజనీరు గారు రాశారు. నాలుగు రోజుల ఉత్తరప్రత్యుత్తరాల తర్వాత ఖాళీ పూరించారు: "ముట్టినవారి ఇంటి కుళాయి తొలగించబడును." మా ఊళ్ళో వేసవి గడిపినవాళ్ళకి ఇది మరణశిక్షకి ఎంత దగ్గరో తెలుసు.

ఎన్నిక జరిగింది. ఇద్దరు గెలిచారు.

ఒకరు కర్రి నూకరాజు. ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు కండక్టరు చేసి రిటైరైన మనిషి. వెనక సీటులో కునికేవాణ్ణి ముందు సీటు దగ్గర నుంచి లేపగల గొంతు. "నా గుర్తు నా గొంతేనండి" అని ప్రచారం చేశాడు. మైకు లేకుండా.

రెండోది కాకర ఏసుమణి. ఇరవై రెండేళ్ళుగా బడి రోడ్డు ఊడ్చే మునిసిపాలిటీ మనిషి. ఆమె నిలబడతాననలేదు, పేటవాళ్ళు పేరు రాసేశారు. గెలిచాక కూడా తెల్లవారి చీపురు పట్టుకునే వచ్చింది. రోడ్డు ఊడ్చి, చీపురు గోడకి ఆనించి, జనరక్షకుల గుర్తుగా ఇచ్చిన ఎర్రగుడ్డ భుజాన వేసుకుని వచ్చి బల్ల మీద కూర్చునేది. ఆ ఫిబ్రవరి ఆరున కూడా ఆ రోడ్డు మీద ఉన్నది ఆమే. మేమిద్దరం ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మొదటి సమావేశం జులై ఒకటిన. సభ లోపల చైర్‌పర్సన్ గారు, కౌన్సిలర్లు, కమిషనరు గారు. గుమ్మం బయట బల్ల మీద జనరక్షకులు. సలహాదారుని కనక, బల్ల పక్కన నాకొక ప్లాస్టిక్ కుర్చీ. తీర్మానాల పట్టీలో ఏడో అంశం: హైస్కూలు ఎదుట స్పీడ్ బ్రేకర్. పదకొండో అర్జీకి పట్టీలో చోటు దొరికింది. రోము నాకు చేసిన మేలు అదొక్కటే అయినా చాలుననుకున్నాను.

మేనేజరు గారు మొదటి అంశం చదివారు. సభలో పాత ఫ్యాను ఒకటి ఉంది. అది తిరుగుతుంటే బయటికి ఒక్క ముక్క వినపడదు.

"వద్దు!" అన్నాడు నూకరాజు.

ఫ్యాను కూడా ఆగినంత పనైంది.

"అది సభ్యులకి టీ సరఫరా గురించండీ" అన్నారు మేనేజరు గారు, గుమ్మం దగ్గరికి వచ్చి.

"ఏదైతే ఏంటండి! వినపడనిదాన్ని ఒప్పుకోడం ఎలాగ? వద్దంటే వద్దు!"

టీ ఆగిపోయింది. కెటిలు పట్టుకుని గుమ్మం దాకా వచ్చిన అటెండరు వెనక్కి వెళ్ళాడు. కమిషనరు గారు జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "రోము!" అన్నారు చైర్‌పర్సన్ గారి వైపు వంగి. "రెండున్నర వేల ఏళ్ళ తర్వాత, పల్లిపూడిలో!"

రెండో అంశం నుంచి ఆరో అంశం దాకా నూకరాజు అన్నీ ఆపేశాడు. అంశం చదవడం పూర్తయ్యేదాకా ఆగేవాడు. అంత మర్యాద ఉంది. ఏసుమణి ఒక్కసారి కూడా నోరు తెరవలేదు.

ఏడో అంశం చదివారు. నేను కుర్చీ అంచుకి జరిగాను. చైర్‌పర్సన్ గారు "సరే" అన్నారు. కౌన్సిలర్లు "సరే" అన్నారు. ఏడాదిన్నర పని అరనిమిషంలో అయిపోయింది.

"వద్దు!" అన్నాడు నూకరాజు.

నేను ఆయన వైపు తిరిగాను. ఆయన నా వైపు చాలా సానుభూతిగా చూశాడు. "మీ మీద కోపం కాదండి మాస్టారూ. ముప్పై ఏళ్ళు బస్సులో నిలబడ్డానండి. ఒక్కో స్పీడ్ బ్రేకరూ నా నడుం మీంచి వెళ్ళింది. ఈ జన్మకి ఇంక ఒక్కటి కూడా ఒప్పుకోను."

అప్పుడు ఏసుమణి లేచి నిలబడింది.

"నీ వద్దుని నేను వద్దంటన్నాను."

లోపల కాగితాలు చప్పుడయ్యాయి. వద్దుని వద్దనవచ్చా? అందరూ సలహాదారు వైపు చూశారు. రోములో ఒక ట్రిబ్యూన్ చేసే పనిని ఇంకో ట్రిబ్యూన్ ఆపవచ్చునని, అయితే ఆపడాన్ని ఆపవచ్చో లేదో తొమ్మిదో తరగతి పుస్తకంలో లేదని చెప్పాను. కమిషనరు గారు వెంటనే తేల్చేశారు: "నిషేధించబడనిది అనుమతించబడినదే. కొనసాగించండి."

"అయితే ఆ వద్దుని నేను వద్దంటున్నా!" అన్నాడు నూకరాజు.

"ఆ వద్దూ వద్దు" అంది ఏసుమణి.

"అదీ వద్దు!"

"అదీని."

మేనేజరు గారు లెక్క తప్పిపోయి నల్లబల్ల తెప్పించారు. సుద్ద కోసం వెతికారు. నా జేబులో ఎప్పుడూ ఒక పసుపు సుద్దముక్క ఉంటుంది. సోషల్‌కి పసుపు సుద్ద అక్కరలేదు. లెక్కల టీచర్లు జవాబు కింద గీత గియ్యడానికి వాడతారు. ఉంటుంది, అంతే. అది ఇవ్వకుండా, ఆఫీసులో తెల్లసుద్ద దొరికేదాకా వేళ్ళ మీద లెక్కపెట్టమన్నాను.

ఇరవై దాటేసరికి నాకు విషయం అర్థమైంది. విశాలాక్షి ఉంటే రెండో వద్దుకే చెప్పేది. ఎవరు ఎంత అరిచినా ఒరిగేదేమీ లేదు; చివరి సంఖ్య సరి అయితే స్పీడ్ బ్రేకర్ ఉంటుంది, బేసి అయితే ఉండదు. ఆరో తరగతి లెక్క. సరి ఏసుమణిది, బేసి నూకరాజుది. ఎవరు ముందు అలిసిపోతే వాళ్ళ ఓటమి.

యాభై ఏడో వద్దు దగ్గర ఏసుమణికి దగ్గు వచ్చింది. తెల్లవారుజామునుంచి దుమ్ములో ఉన్న గొంతు. ఆమె దగ్గు ఆగేలోపు గోడ గడియారం ఐదు కొట్టింది. సమావేశం ముగిసింది. యాభై ఏడు, బేసి.

"వచ్చే నెల చూద్దారి మాస్టారూ" అంది ఏసుమణి, కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ. "బెల్లంముక్క ఎట్టుకొస్తాను."

అటెండరు ఆమెకి మంచినీళ్ళు తెచ్చాడు. గ్లాసు చేతికివ్వడానికి భయపడి, ఆమెని దోసిలి పట్టమని, చెంబు మూరెడెత్తున పట్టుకుని పోశాడు. "ఆర్డరండి" అన్నాడు నాతో, సిగ్గుపడుతూ. "తగిలితే కుళాయి పోద్ది."

ఏసుమణి తాగి, మూతి తుడుచుకుని నవ్వింది. "ఇదేం కొత్త మర్యాద కాదండి. మా అమ్మకీ ఇలాగే పైనుంచి పోసేవోరు. అప్పుడు ఆర్డరు కాయితం ఉండేది కాదు, అంతే తేడా."

ఆ కాగితం మీద సలహాదారుగా ఉన్నది నేనే.

ఇంటి తలుపుల పని ఆ వారమే జరిగింది. తలుపు తెరిచి ఉంచడమంటే గాలికి మూసుకుపోవచ్చు కాబట్టి, అసలు తలుపే తీసెయ్యడం క్షేమమని ఇంజనీరు గారు అభిప్రాయపడ్డారు. నూకరాజు ఇంటి తలుపు ఊడదీసి, మునిసిపల్ గోడౌనులో జమ చేసి, రసీదు ఇచ్చారు. మర్నాటి నుంచి ఆయన ఇంట్లోకి అర్జీదార్లు, వాళ్ళ వెనక రెండు మేకలు నడిచివచ్చాయి. ఆయన భార్య మంగతాయారు మేకల్ని తోలగలిగింది; అర్జీదార్లని తోలలేకపోయింది.

ఏసుమణి ఇంటి దగ్గర చిక్కు వచ్చింది. ఆ ఇంటికి తలుపు లేదు. గోనెపట్టా ఒకటి వేలాడుతూ ఉంటుంది.

"తలుపు లేనిచో తొలగించుట ఎట్లు?" అని సిబ్బంది రాశారు.

"నిబంధన అందరికీ సమానము" అని కమిషనరు గారు జవాబు రాశారు.

కాబట్టి ఏసుమణి ఇంటికి ముందు ఒక తలుపు మంజూరు చేశారు. వడ్రంగులు వచ్చి టేకు చట్రం బిగించి, తలుపు అమర్చి, గొళ్ళెం వేసి చూసి, ఫోటో తీసి, తర్వాత తలుపు ఊడదీసి గోడౌనుకి పంపారు. ఏసుమణి గోనెపట్టా మళ్ళీ కట్టుకుంది.

"అరగంట సేపు ఉందండి" అంది నాతో. "లోపల కూచుని గొళ్ళెం ఏసి చూసుకున్నాను. బాగుంది."

నూకరాజు సంగతి మరోలా నడిచింది. మంగలి ముత్యాలు ఆయన గడ్డం గియ్యనన్నాడు. "నాకు ముగ్గురు ఆడపిల్లలు బాబూ, నీళ్ళు కావాలి" అని కత్తి డబ్బాలో పెట్టేశాడు. పళ్ళ డాక్టరు గుమ్మంలో నుంచే నోరు తెరిపించి, టార్చిలైటు వేసి చూసి, "పీకాలి, మీరే పీక్కోండి" అన్నాడు. నడుం నొప్పికి తైలం రాయడానికి మంగతాయారు కూడా వెనకాడింది. కుళాయి ఆమె పేరు మీద ఉంది. పెళ్ళయి ముప్పై ఆరేళ్ళయిన మనిషి, ఆర్డరు కాగితం రెండుసార్లు చదివించుకుని, తైలం గిన్నె ఆయన ముందు పెట్టి పక్కకి జరిగింది. జులై చివరికి నూకరాజు అచ్చం రోమను శిల్పంలా గడ్డంతో, వంగిన నడుముతో తయారయ్యాడు. కమిషనరు గారు ఆయనతో ఫోటో దిగారు, రెండు గజాల దూరంలో.

ఆగస్టు సమావేశంలో స్పీడ్ బ్రేకర్ మీద ఎనభై మూడు దాకా వెళ్ళింది. బెల్లం అయిపోయింది. బేసి.

"ఇద్దరు చాలకనే ఈ ప్రతిష్టంభన" అని కమిషనరు గారు తేల్చారు. "రోములో తర్వాత పదిమందిని చేశారు కదా మాస్టారూ?"

"చేశారండి, కానీ..."

"కానీ అక్కరలేదు."

పదిమందయ్యారు. మా వార్డుకి ఎందుకు లేడని వార్డులవాళ్ళు గొడవ చేస్తే ముప్పై ఒక్కరయ్యారు. ముట్టరాని మనిషిని అప్పులవాళ్ళు కాలరు పట్టుకోలేరని, సంతలో ఎవరూ తొయ్యరని, బస్సులో పక్కసీటు ఖాళీగా ఉంటుందని ఊరందరికీ తెలిసింది. పది బల్లలకే వరండా నిండిపోయి, మిగతా జనరక్షకులు మెట్ల మీద కూర్చున్నారు. చెత్త ఎత్తడం ఆగింది. దోమలమందు కొట్టడం ఆగింది. మందు కొట్టడం ఆపడం కూడా ఆగింది, కానీ ఎవరూ లెక్క పెట్టకపోవడంతో అది సరో బేసో తేలలేదు. సెప్టెంబరు నాటికి పల్లిపూడి పురపాలక సంఘం ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. ఏమీ చెయ్యలేదు కనక. ఆ నెలలోనే జిల్లాలో ఉత్తమ ప్రజాభాగస్వామ్య పురపాలక సంఘంగా మాకు జ్ఞాపిక వచ్చింది. దాన్ని ఎక్కడ పెట్టాలన్న తీర్మానాన్ని ఎవరో ఆపేశారు. అది ఇప్పటికీ మేనేజరు గారి ఒళ్ళో ఉంది.

స్పీడ్ బ్రేకర్ లెక్క సెప్టెంబరు సమావేశానికి నూట పదమూడు. బేసి.

మర్నాడు బడి వదిలేటప్పుడు నేను గేటు దగ్గర నిలబడ్డాను. రోజూ నిలబడతాను. ఏడో తరగతి పిల్ల హారతి, స్నేహితురాలితో ఏదో చెప్పుకుని నవ్వుతూ, వెనక్కి తిరిగి నడుస్తూ రోడ్డు మీదికి అడుగుపెట్టింది. ఆ పిల్ల సంచి పట్టా నా చేతికి దొరికింది. లారీ వెళ్ళిపోయింది. పిల్ల చెప్పు ఒకటి రోడ్డు మధ్యలో ఉండిపోయింది.

ఏసుమణి వెళ్ళి చెప్పు తెచ్చి పిల్ల కాళ్ళ ముందు పెట్టింది. నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

"ఇంక వదిలేద్దామమ్మా" అన్నాను. "పన్నెండో అర్జీ రాసే ఓపిక నాకు లేదు. నువ్వు కూడా గొంతు పాడుచేసుకోకు."

ఆమె రోడ్డు వంక చూసి అడిగింది: "ఆ రోములో ఆళ్ళు వద్దంటే ఎలాగ ఆపేవోరండీ? ఇలాగే బల్ల మీద కూచుని, కాయితం మీదేనా?"

"లేదమ్మా. బల్లా కాగితం తర్వాత వచ్చాయి. ఎవడైనా జనంలో ఒకణ్ణి కొట్టబోతుంటే, మొదట్లో ట్రిబ్యూనే వెళ్ళి మధ్యలో అడ్డంగా నిలబడేవాడు. ఆ ఒంటి మీద చెయ్యి పడకూడదు కాబట్టి, కొట్టేవాడు ఆగిపోవలసిందే."

"అంటే ఒళ్ళేనన్నమాట."

"ఒళ్ళే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పరేమండీ!" అంది ఏసుమణి, నిజంగా కోపంగా. "మూడు నెల్ల నుంచీ గొంతు చించుకుంటన్నాను!"

మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకి ఆమె జనరక్షకుల బల్లని నెత్తిన పెట్టుకుని వచ్చింది. బడి గేటు ఎదురుగా, రోడ్డు మధ్యలో దింపింది. భుజాన ఎర్రగుడ్డ సర్దుకుని, కాళ్ళు దగ్గరికి పెట్టుకుని కూర్చుంది. ఎండ చురుక్కుమంటోంది. నేను గేటు దగ్గర నుంచి పిలిచాను. వినిపించుకోలేదు.

మొదటి ఇసక లారీ మలుపు తిరిగింది. హారను కొట్టింది. ఏసుమణి చెయ్యెత్తి ఒకే మాట అంది.

"వద్దు."

లారీ బల్లకి నాలుగు బారల దూరంలో, దుమ్ము లేపుకుంటూ, ఒరుసుకుంటూ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏయ్ మామ్మా! చావడానికి నా లారీయే దొరికిందా? లెగు!"

"లెగను. నేను జనరక్షకురాల్ని. తగిలితే కుళాయి పీకేత్తారు."

"నాకు కుళాయి లేదు, ఇల్లే లేదు!"

అక్కడే ఉన్న కానిస్టేబుల్ చక్రధరం పరిగెత్తుకొచ్చాడు. "నాకుందిరా నాయనా! ముట్టుకోకు! నీ బండి తగిలితే నువ్వు పోతావు, లేపబోతే నా కుళాయి పోతుంది. కదలకుండా ఉండు!"

రెండు వైపులా బళ్ళు నిలిచిపోయాయి. ఆటోలు, ఒక బస్సు, కొబ్బరికాయల ట్రాక్టరు. పావుగంటలో కమిషనరు గారి జీపు వచ్చింది. ఆయన దిగి, బల్లకి రెండు గజాల దూరంలో ఆగారు.

"ఏసుమణి గారూ, ఇది బహిరంగ రహదారి. సభామందిరం కాదు. దయచేసి లేవవలసిందిగా ఆదేశించడమైనది."

"ఆ ఆదేశం వద్దండి."

కమిషనరు గారు నా వైపు తిరిగారు. "సలహాదారు గారూ, ఆవిడకి ఇక్కడ అధికారం ఉందా?"

నేను నిజం చెప్పాను. "రోములో అయితే, సార్, ట్రిబ్యూన్ అధికారం ఊరి పొలిమేరదాకా ఉండేది. సభ గుమ్మంలో కంటే వీధిలోనే ఎక్కువ."

నూకరాజు కబురందుకుని వచ్చాడు. గడ్డం గాలికి ఎగురుతోంది. "ఇది వంచనండి! స్పీడ్ బ్రేకర్ వద్దని నేను ఆపితే, తనే స్పీడ్ బ్రేకరై కూచుంటదా? ఈ కూచోడాన్ని నేను వద్దంటున్నా!"

"అయితే లేపు బావా" అంది ఏసుమణి.

నూకరాజు ఆమె చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయాడు. ఆమెనెవరూ ముట్టరాదు, ఆయన కూడా. ఏం చెయ్యాలో తోచక, ఆమె ఎడంపక్కన రోడ్డు మీద చతికిలపడ్డాడు. "నువ్వు లేచేదాకా నేనూ లేవను! ఇదే నా వద్దు!"

దాంతో ఖాళీగా ఉన్న ఎడంపక్క దారి కూడా మూసుకుపోయింది. మిగతా జనరక్షకులు ఒక్కొక్కరే వచ్చారు. కొందరు ఏసుమణిని సమర్థించడానికి, కొందరు నూకరాజుని సమర్థించడానికి, ఒకాయన ఇద్దర్నీ ఖండించడానికి. అన్నిటికీ పద్ధతి ఒకటే కనక అందరూ కూర్చున్నారు. ఒకరి మీద ఒకరి వేలు పడకుండా జాగ్రత్తగా, వరుసగా, ఈ కాలవ దగ్గర నుంచి ఆ కాలవ దాకా. ముప్పై ఒక్కరు. దూరం నుంచి చూస్తే రోడ్డుకి అడ్డంగా, కొంచెం ఎత్తుగా, ఎర్రగా ఒక గట్టు.

ఇంజనీరు గారు చూసి, చూసి, నెమ్మదిగా అన్నారు: "సార్, ఇది సాంకేతికంగా..."

"అనకండి" అన్నారు కమిషనరు గారు.

"...స్పీడ్ బ్రేకరే సార్. వెడల్పు కొంచెం ఎక్కువ."

రోడ్డు తారు ఆ రోజంతా ఎండకి కాగింది. పది నిమిషాలకి నూకరాజు అటూ ఇటూ కదిలాడు. పదిహేను నిమిషాలకి ఒక చెయ్యి నడుం మీద పెట్టుకున్నాడు. ఏసుమణి ఆయన వైపు చూడకుండానే, మేనేజరు గారికి వినపడేలా అంది: "మొన్నటి ఏడో అంశం మీద, నూట పదమూడో వద్దుని నేను వద్దంటన్నాను. రాసుకోండి."

మేనేజరు గారు జ్ఞాపికని చంకలో పెట్టుకుని రాసుకున్నారు. "నూట పద్నాలుగు."

అందరూ నూకరాజు వైపు చూశారు. ఆయన నోరు తెరిచాడు. పిల్లలు గేటు దగ్గర గుంపుగా నిలబడి చూస్తున్నారు. ముందు వరసలో హారతి. ఆయన ఆ పిల్లని చూశాడు. తర్వాత కాలిపోతున్న రోడ్డుని చూశాడు. ముందుకి వంగి నడుం పట్టుకున్నాడు.

"బస్సు కుదుపే నయం" అన్నాడు మెల్లిగా, తనలో తను. ఆ గొంతు అంత చిన్నగా పలకగలదని ఎవరికీ తెలియదు. "ఏదో అరక్షణం. ఇది కూచోలేం."

నోరు మూసుకున్నాడు.

మేనేజరు గారు ఒక నిమిషం ఆగారు. ఉత్తర్వుల్లో ఎంతసేపు ఆగాలో లేదు. ఇంకో నిమిషం ఆగారు. "నూట పద్నాలుగు" అని మళ్ళీ చదివారు. "సరి సంఖ్య. తీర్మానము అమలునకు అర్హమైనది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముప్పై ఒక్కరూ బరువుగా లేవడం మొదలుపెట్టారు. ఇంజనీరు గారు ఇప్పుడే గుర్తు పెట్టకపోతే రేపటికి స్థలం మీద వివాదం వస్తుందని కంగారుపడ్డారు. "సుద్ద! ఎవరి దగ్గరైనా సుద్ద ఉందా?"

నా జేబులో చెయ్యి పెట్టాను. పసుపు సుద్దముక్క ఇచ్చాను. ఆయన వంగి, జనరక్షకులు లేచిన చోట, ఈ కాలవ నుంచి ఆ కాలవ దాకా గీత గీశారు. జవాబు కింద గీసినట్టే ఉంది. అటు చేరేసరికి ముక్క అరిగిపోయింది.

గీతకి ఇవతల లారీ ఇంకా నిలబడే ఉంది. డ్రైవరు స్టీరింగు మీద గడ్డం ఆనించుకుని చూస్తున్నాడు. పిల్లలు రోడ్డు దాటడం మొదలుపెట్టారు, మాట్లాడుకుంటూ, తోసుకుంటూ, ఎవరూ పరిగెత్తకుండా. నేను గేటు దగ్గరే ఉన్నాను. ఏడాదిన్నరగా నేను ఆ చోట దాటలేదు. సందు చుట్టూ తిరిగి ఇంటికి వెళతాను. గడియారం చూసుకున్నాను. నాలుగూ ఇరవై.

ఏసుమణి బల్ల పక్కన పెట్టి, నా దగ్గరికి వచ్చి చెయ్యి చాచింది.

"రండి మాస్టారూ."

"ముట్టరాదమ్మా" అన్నాను.

"తెలుసండి. మీ కుళాయి, మీ ఇష్టం."

ఆ చెయ్యి పట్టుకున్నాను. చీపురు పట్టి పట్టి గట్టిపడిన చెయ్యి. ఆమె చిన్నపిల్లాణ్ణి దాటించినట్టు, అటూ ఇటూ చూసి, నెమ్మదిగా నడిపించింది. పసుపు గీత వెంబడే నడిచాం. అవతలి పక్కకి చేరాను.

మర్నాడు పొద్దున్న ఆరింటికి మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి మా ఇంటి కుళాయి తీసేసి రసీదు ఇచ్చారు. పల్లిపూడిలో ఏ పనీ ఇంత త్వరగా జరగలేదు. బిందె తీసుకుని పేట కుళాయి దగ్గరికి వెళ్ళాను. వరసలో ఏసుమణి నాకు ముందు ఉంది. తన బిందె నిండాక, నాది అందుకుని కుళాయి కింద పెట్టింది.